లేఫోటు కప్పుకున్న చాప

మా ఊరు ఫాగావాయిలో లేఫోటు అన్నది మనిషి పేరు కాదు, పదవి పేరు. ఆ పదవిలోకి వచ్చిన రోజున మనిషి తల్లి పెట్టిన పేరును విడిచిన లుంగీలా పక్కన పెట్టేయాలి. ఈ లేఫోటుకు తల్లి పెట్టిన పేరు సియోఎలి. ఆ పేరుతో పిలిచేవాళ్లలో చివరికి ఆయన అక్క ఒక్కతే మిగిలింది. ఆవిడా పోయాక, సియోఎలి అంటే ఎవరని ఊళ్లో పిల్లలు అడిగే రోజులు వచ్చాయి.

ఆయన పని మాట్లాడటం. ఇదీ ఒక పనేనా అనుకునేవాళ్లు ఒక్క రోజు చేసి చూడాలి. సమోవాలో ప్రతి కుటుంబానికీ ఒక మటాయి, అంటే ఇంటి పెద్ద, ఉంటాడు. ఏ చేమతోట ఎవరు వేసుకోవాలో, చర్చికి ఏమివ్వాలో, ఏ పెళ్లికి ఎన్ని పందులు పంపాలో ఆయన తేలుస్తాడు. కొందరు మటాయిలు ఊరికే హుందాగా కూర్చుంటే చాలు. లేఫోటు లాంటి వక్తలు లేచి నిలబడాలి. తనంత ఎత్తు కర్రను నేలకు ఆనించి, ఈగలు తోలే కొబ్బరిపీచు కుంచెను భుజాన వేసుకుని, పెళ్లికీ చావుకీ పేచీకీ ఊరి పచ్చిక మీద నోరు విప్పాలి. ఆ నోటి నుంచి వచ్చింది ఇంటిల్లిపాదీ అన్న మాట కింద లెక్క. మా ఇళ్లకు గోడలుండవు, చుట్టూ స్తంభాలే. ఇంట్లో కూర్చున్నా ముందు స్తంభం ఆయనది. పదవి లేనివాళ్లు వెనక స్తంభాల దగ్గర సర్దుకోవాలి.

అందుకే దానికి ఒక పద్ధతి ఉంది. బయట మాట్లాడే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాలి. ముసలమ్మ నుంచి నిన్నగాక మొన్న పనికి కుదిరిన పిల్ల దాకా అందరి మాటా వినాలి. ఒక్కరు తల అడ్డంగా ఊపినా మళ్లీ మొదటికి రావాలి. అందరూ ఊఁ అన్నాకే కర్ర పట్టుకుని గడప దాటాలి. లేఫోటుకు ఆ ఓపిక దండిగా ఉండేది. "ఇంట్లో వారం నసిగినవాడే బయట గంట దంచగలడు" అనేవాడు. ఆయన మాట ఇచ్చాడంటే పక్క ఊరివాళ్లు రెండోసారి అడిగేవాళ్లు కాదు.

ఆయనకు ఆ పేరు తెచ్చింది మాత్రం మాట కాదు, ఒక చాప. చాలా ఏళ్ల కిందట ఆయన మేనల్లుడు తాగి లారీ నడిపి పక్క ఊళ్లో ఒక పిల్లాణ్ణి చంపేశాడు. తెల్లవారకముందే లేఫోటు ఇంట్లో ఉన్న వాటిలోకెల్లా విలువైన సన్నచాప, పెళ్లికీ చావుకీ ఇచ్చిపుచ్చుకునే నార చాప, తీసుకుని వెళ్లి, ఆ చచ్చిన పిల్లాడి ఇంటి ముందు తల వంచి కూర్చుని, చాపను నెత్తి మీదుగా కప్పుకున్నాడు. దీన్ని మేము ఇఫోగా అంటాం. చాప కప్పుకున్నవాడు తన ప్రాణం అవతలివాళ్ల చేతిలో పెట్టినట్టే. వాళ్లు కత్తితో నరికినా అడిగే దిక్కు లేదు. చాప పైకెత్తి తమ దగ్గర ఉంచుకుంటే మటుకు క్షమించినట్టు. పిల్లాడి తండ్రి కత్తి పట్టుకుని పొద్దెక్కేదాకా చుట్టూ తిరిగాడు. ఎండకు చాప కింద లేఫోటు ఉడికిపోయాడు. చివరికి ఆ తండ్రే కత్తి పారేసి చాప ఎత్తాడు. అప్పుడు లేఫోటు మాట్లాడిన మాటలకు ఆ ఊరు ఊరంతా ఏడ్చింది. మేనల్లుడికి కోర్టు వేసిన శిక్ష ఎంతో ఇవాళ ఎవరికీ గుర్తు లేదు, ఆ చాప మాత్రం అందరికీ గుర్తే.

ఇక ఎన్నికల సంగతి. మాది అమెరికా ఏలుబడిలో ఉన్న సమోవా. మా గవర్నర్లు అప్పటిదాకా ముందు ఓడలు దిగి, తర్వాత విమానాలు దిగి వచ్చేవాళ్లు. వాషింగ్టన్ ఎవర్ని పంపితే వాడికే మెడలో పూలదండ వేసేవాళ్లం. మీ గవర్నర్‌ను మీరే ఎన్నుకుంటారా అని మమ్మల్ని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ వద్దన్నాం. ఇది విని బయటివాళ్లు నవ్వుతారు, నవ్వనీ. లేఫోటు మూడుసార్లూ ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒకటే చెప్పాడు.

"పరాయివాడు చుట్టంలాంటివాడు. వస్తాడు, తింటాడు, పోతాడు. మనలో ఒకడు ఆ కుర్చీ ఎక్కాడనుకో, మిగతా ఇళ్లవాళ్లు ఏ మొహం పెట్టుకుని వాడి ముందు కూర్చుంటారు?"

ఆ మూడోసారి మాత్రం ఆయన తమ్ముడి కూతురు రుటా ఎదురు తిరిగింది. తండ్రి పోయాక లేఫోటు ఒళ్లో పెరిగిన పిల్ల అది. అప్పుడే చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది.

"అయితే పెదనాన్నా, ఎప్పటికీ చుట్టం చేతి కింద బతకమంటావా? ఇల్లు మనది, వంట మనది, వడ్డించేది చుట్టమా?"

లేఫోటు కోప్పడలేదు. మురిసిపోయాడు. ఆ పిల్లతో వాదించడానికే నాలుగు సాయంత్రాలు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాడు. చివరికి రుటా, "సరేలే, ఈసారికి నీ మాటే" అంది. అంతా కలిసి వెళ్లి వద్దని వేసి వచ్చారు.

నాలుగోసారి అడిగితే దీవి కావాలంది. "వరద వచ్చాక గట్టు మీద అలిగి కూర్చుంటే తడిసేది మనమే" అన్నాడు లేఫోటు. ఆ మరుసటి ఏడు, డెబ్బై ఏడులో, మొట్టమొదటిసారి మా గవర్నర్‌ను మేమే ఎన్నుకునే ఎన్నిక వచ్చింది.

పోటీలో ఉన్నవాళ్లలో టావాసే ఒకడు. హోనొలులూలో చదువుకుని వచ్చి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. అతని అమ్మమ్మ లేఫోటు ఇంటి ఆడపడుచు. రుటా తండ్రి పోయినప్పుడు టావాసే ఇంటివాళ్లు ఊరంతా నోరెళ్లబెట్టేంత పెద్ద సన్నచాప తెచ్చారు. కాబట్టి ఓట్లకు వాళ్లు మా ఊరు రావడం వింతేమీ కాదు. సభలో దంచి కలుపుకుని తాగే కావా వేర్లు తెచ్చారు, పచ్చిక మీద వరసగా కూర్చున్నారు. టావాసే తరఫున మాట్లాడటానికి వచ్చిన వక్త వయసులో చిన్నవాడు, నాలుక మాత్రం పెద్దది.

"ఫాగావాయిలో లేఫోటు గారి మాటకు తిరుగు లేదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం" అన్నాడు వాడు. "కాకపోతే ఇప్పుడు ఓటేసే చోట తెర కడుతున్నారండి. మీ మాట తెర ముందు నడుస్తుంది, ఒప్పుకుంటాం. తెర వెనకాల కూడా నడుస్తుందా అని మా ఊరి ఆడవాళ్లు అడుగుతున్నారు."

ఊరు కిసుక్కుమంది. అక్కడే దెబ్బతిన్నాడు లేఫోటు. ఇంట్లో అడిగి చెబుతానంటే సరిపోయేది. అలా అనడం నామోషీ కూడా కాదు, పద్ధతే అది. కానీ నలభై ఏళ్లుగా ఎవరూ ఎత్తి చూపని చోట వాడు వేలు పెట్టాడు. లేఫోటు లేచి కర్రను నేలలో గుచ్చినంత పని చేశాడు.

"నా ఇంట్లో తెరల్లేవు నాయనా. గోడలే లేవు, తెర ఎక్కడ కడతావు? నా ఇంటి ఓట్లన్నీ టావాసేవి. ఒక్కటి అవతల పడినా ఈ కర్ర నాది కాదు."

అందరూ హర్షించారు. కావా తాగారు. ఆ రోజు ఆయన చాలా బాగా మాట్లాడాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంటికి వచ్చాక భార్య ఫొలోలె వంట దగ్గర నుంచే అడిగింది. "ఏమయ్యా, పిల్లల్ని ఒక్క మాటైనా అడగకుండా అలా అనేశావేం?"

"ఇందులో అడగడానికేముంది? చాప తెచ్చినవాళ్లకు మనం చాప పరవాలి. ఆ మాత్రం వాళ్లకు తెలీదా?"

"తెలుసనుకో. అయినా అడిగితే నీ సొమ్మేం పోయింది?"

సాయంత్రం ప్రార్థన అయ్యాక, పాట ముగిశాక, ఇంటివాళ్లందరికీ అదే చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. మటాయి బయట అనేసి వచ్చిన మాట మీద ఇంట్లో నోరెత్తడం మా దగ్గర లేదు. రుటా తల వంచుకుని నేల మీద గులకరాళ్లను అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. లేఫోటు ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. ఇంతకుముందు ఆ ఇంట్లో మౌనంగా తేలిన విషయం ఒక్కటీ లేదని ఆయనకు తట్టనే లేదు.

ఓట్ల రోజున ఆయన తెల్లచొక్కా వేసుకుని, అందరికంటే ముందు బడి దగ్గర నిలబడ్డాడు. ఇంటివాళ్లు ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి వస్తుంటే, పెళ్లికి వచ్చిన చుట్టాలను చూసుకున్నట్టు తల ఊపుతూ చూశాడు. సాయంత్రం అక్కడే లెక్కపెట్టారు. ఒక్కో కాగితం తీసి పేరు గట్టిగా చదువుతుంటే ఊరంతా బడి వసారాలో చాపలేసుకుని విన్నది. మొదట్లో లేఫోటు నవ్వుతూనే ఉన్నాడు. కాసేపటికి పక్కన కూర్చున్నవాళ్లు ఆయన వైపు చూడటం మానేశారు. ఆయన ఇంట్లో ఓటున్నవాళ్లు ఇరవై ఆరుగురని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. టావాసేకు ఊరు మొత్తం మీద పడినవి పదకొండు.

ఊరు నవ్వినా బాగుండేది. లేఫోటు లేచి, చేతిలో ఉన్న వక్త కర్రను బడి గోడకు ఆనించి, వట్టి చేతులతో ఇంటికి నడిచాడు. ఆ కర్రను ఎవరూ ముట్టుకోలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. అడక్కుండానే ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "నేను టావాసేకే వేశాను" అన్నాడు మేనల్లుడు. "బైబిల్ మీద ఒట్టు, నేనూ అంతే" అంది వాడి భార్య. కొడుకులన్నారు, కోడళ్లన్నారు. ఇరవై మందికి పైగా ఒట్లు పెట్టారు. పెట్టెలో ఉన్నవి పదకొండు, అందులో పక్కిళ్లవాళ్లవి ఎన్నో. లేఫోటు ఒక్కొక్కరి మొహం చూశాడు. ఎత్తుకుని పెంచిన మొహాలు. వాటిలో ఏది అబద్ధమో తేల్చుకోలేకపోయాడు. మాట పోయిన బాధ కంటే, ఇంట్లోవాళ్ల మొహం చూసి మనసు చెప్పగలిగే చూపు కూడా పోయిందన్న బాధే పెద్దదైంది.

అందరూ అయ్యాక రుటా వచ్చింది.

"నేను వేయలేదు పెదనాన్నా. అవతలాయనకు వేశాను. ఇంకో నలుగురైదుగురికి కూడా నేనే చెప్పాను. వాళ్ల పేర్లు అడక్కు."

"ఎందుకే?"

"మా ఫ్యాక్టరీలో పొద్దుటి నుంచీ నిలబడి చేపలు కోస్తాం. కాళ్లు వాచిపోతున్నాయి, కూర్చోడానికి పీటలు వేయించండని టావాసే ఆఫీసుకు వెళ్లాం. అప్పట్లో ఫ్యాక్టరీల వ్యవహారం ఆయన చేతిలోనే ఉండేది. సమోవా ఆడది నిలబడటానికే పుట్టింది అని నవ్వి పంపించేశాడు. నేను అక్కడే ఉన్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెక్కడ అడిగావు?" అంది రుటా. "మూడుసార్లు వద్దని వేయించావు. మూడుసార్లూ కూర్చోబెట్టావు. ఆ మూడోసారి నాకిష్టం లేకపోయినా వేశాను, నా మాట విన్నావు కాబట్టి. ఈసారి ఊళ్లో జనంతోపాటు పచ్చిక మీద నిలబడి విన్నాను, నా ఓటు ఎవరిదో. ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి ఉంటే ఇదంతా చెప్పేదాన్ని. అంతా విని, అయినా టావాసేకే వేయమంటే, తిట్టుకుంటూనైనా వేసేదాన్ని."

ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. తప్పు ఎక్కడుందో తెలిశాక దాన్ని ఎలా కడుక్కోవాలో కూడా లేఫోటుకు ఒక్కటే దారి తెలుసు.

మరునాడు రేడియోలో టావాసే గెలిచాడని చెప్పారు. ఆ మరునాడు ఇంకా చీకటి ఉండగానే, తమ్ముడి చావుకు టావాసే ఇంటివాళ్లు తెచ్చిన ఆ పెద్ద చాపనే చంకన పెట్టుకుని లేఫోటు మొదటి బస్సెక్కాడు. చాప చూసి డ్రైవరు గొంతు తగ్గించాడు. "ఎవరింట్లోనండీ చావు?" అని అడిగాడు. "మా ఇంట్లోనే" అన్నాడు లేఫోటు.

టావాసే ఇంటి ముందు పందులు కాలుతున్న పొగ. లేఫోటు గేటు లోపల కంకర మీద కూర్చుని, తల వంచి, చాప కప్పుకున్నాడు. అల్లికలోంచి వెలుతురు సన్నగా దిగుతోంది. చాపకు ఇంకా తమ్ముడి చావునాటి కొబ్బరినూనె వాసన ఉంది. చెప్పాల్సిన మాటలు బస్సులోనే కూర్చుకున్నాడు. నలభై ఏళ్లలో అంత మంచి మాటలు ఆయనకు ఎప్పుడూ కుదరలేదు. మాట పోగొట్టుకున్నవాడు ఎలా అడగాలో, ఎంత కిందికి వంగాలో, ఆ తర్వాత మళ్లీ ఎలా నిలబడాలో అన్నీ ఉన్నాయి అందులో. చాప ఒక్కటి ఎత్తితే చాలు. ఎత్తకపోయినా ఫర్వాలేదు. రాయి విసిరినా, ఛీ పొమ్మన్నా ఆయన పోగొట్టిన మాటకు ఆ మాత్రం బరువైనా ఉన్నట్టే.

కార్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక ఆడపిల్ల, "ఎవరో ముసలాయన పడిపోయాడు, రాత్రి తాగినట్టున్నాడు" అంది. ఇంకో ముసలి గొంతు, "నోర్ముయ్, అది ఇఫోగా. మనవాళ్లలో ఎవర్ని చంపారో ఏమో, పిలవండి టావాసేని" అని వణికింది. కాళ్లు పరుగెత్తిన చప్పుడు. అంతలో చాప పైకి లేచింది. రెండు చేతులతో, పద్ధతిగా ఎత్తాడు టావాసే. లేఫోటు ఆ ఒక్క క్షణం బతికాడు.

"ఫాగావాయి మామా! నువ్వా? గుండె ఆగినంత పనైంది నాకు. ఏమైంది, ఎవరు పోయారు?"

"నా మాట పోయింది బాబూ" అని మొదలుపెట్టాడు లేఫోటు. "నా ఇంటి ఓట్లన్నీ నీవని పచ్చిక మీద..."

"ఓహో, ఆ ఓట్లా?" టావాసే నవ్వేశాడు. వెటకారం కాదు, నిజంగా తేలికపడ్డ నవ్వు. "లే మామా, లే. కంకర గుచ్చుకుంటుంది. ఎవరి ఓటు వాళ్లది. అందులో తప్పేముంది? అసలు మీ ఊళ్లో పదకొండు వచ్చాయంటే మావాళ్లు ఎగిరి గంతేశారు. అక్కడ ఐదే వస్తాయని మేము లెక్క వేసుకున్నాం."

"నేను మాటిచ్చాను కదా బాబూ."

"అందరూ ఇచ్చారు మామా" అన్నాడు టావాసే, భుజం తట్టి.

కూర్చుకున్న మాటలన్నీ లేఫోటు గొంతులోనే ఉండిపోయాయి. తెల్లవాడొకడు కెమెరా పట్టుకొచ్చి, అభినందించడానికి వచ్చిన పెద్దాయన అనుకుని, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. ఎవరో ఆకులో పంది మాంసం, చేమదుంప పెట్టిచ్చారు. చాపను మడిచి ఆయన చంకలోనే పెట్టి, "ఇప్పటికే ఇల్లు పట్టనన్ని వచ్చాయి మామా, నీ దగ్గరే ఉంచుకో, ఏ చావుకో పనికొస్తుంది" అన్నారు. వెళ్లేటప్పుడు డబ్బా మాంసం పెట్టె ఒకటి బస్సు దాకా మోయించారు. మర్యాదకు ఎక్కడా లోటు చేయలేదు.

ఇంట్లో అందరూ ఎదురు చూస్తున్నారు. ఫొలోలె వాకిట్లోకే వచ్చింది. "ఏమన్నాడయ్యా? చాప ఎత్తాడా?"

"ఎత్తాడు. తప్పేమీ లేదన్నాడు."

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. కోడళ్లు నవ్వుతూ డబ్బాలు విప్పారు. మేనల్లుడు పాట అందుకున్నాడు. రుటా ఒక్కతే ఆ చాప వైపు చూసింది. అవతలివాళ్లు ఉంచుకోకుండా తిప్పి పంపిన చాప అంటే ఏమిటో ఆ పిల్లకు అర్థమైంది. వంటింటి వెనక్కి వెళ్లి చాలాసేపు ఏడ్చింది.

తెల్లవారి లేఫోటు లేచి చూసేసరికి ఇంటి ముందు రాళ్ల మీద ఎవరో చాప కప్పుకుని కూర్చుని ఉన్నారు. ఫ్యాక్టరీ చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి. మంచు పడి చాప తడిసింది. సొంత ఇంటి ముందు ఇఫోగా కూర్చున్నవాళ్లను మా ఊళ్లో అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

లేఫోటు దిగి వెళ్లి చాప ఎత్తాడు. రుటా తల ఎత్తలేదు.

"తిట్టు పెదనాన్నా" అంది. "కొట్టు. నా మాట చెల్లలేదు, నీ వల్లే చెల్లలేదు అను. ఏదో ఒకటి అను."

ఆయన నోరు తెరిచాడు. ఆ పిల్లను తిట్టాలంటే ముందు తాను మటాయి కావాలి, తన మాట పోయిందని ఎవరికైనా లెక్క ఉండాలి. అలాంటిదేమీ మిగల్లేదని నిన్న భుజం తట్టి మరీ చెప్పి పంపారు. క్షమించడానికి కూడా ఆయన దగ్గర ఏమీ లేదు.

"లే తల్లీ" అన్నాడు. "ఎవరి ఓటు వాళ్లది. తప్పేమీ లేదు."

రుటా చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. "అలా అనకు పెదనాన్నా" అంటూ ఆయన కాళ్లు పట్టుకోబోయింది. ఆయన చాపను మడిచి ఆ పిల్ల ఒళ్లో పెట్టి ఇంట్లోకి వెళ్లాడు. ముందు స్తంభం దాటుకుని, వెనక, పదవి లేనివాళ్లు కూర్చునే స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఫొలోలె చూసుకోకుండా రోజూలాగే వేడి కోకో తెచ్చి ముందు స్తంభం దగ్గర పెట్టింది. అది అక్కడే చల్లారిపోయింది.